అడ్డంగా కోసిన పెంటకుప్ప

మా ఊళ్ళో అన్నదమ్ములు వేరుపడితే ఇల్లు, గొడ్లు, భూమి అన్నీ పంచుకున్నాక చివరికి పెంటకుప్ప పంచుకుంటారు. దానికో పద్ధతి ఉంది. కుప్ప నడినెత్తిన ఒక కట్టె గుచ్చి, అక్కడి నుంచి నేల దాకా పారతో నిలువునా కోస్తారు. కుప్పంతా ఒకే తీరుగా ఉండదు. పైన ఉండేది మొన్నటి పేడ, గొడ్లు తినగా మిగిలిన గడ్డి, ఇల్లూడ్చిన చెత్త. అడుగున ఉండేది రెండు మూడేళ్ళ నాటి పెంట. అది నల్లగా, పొడిపొడిగా, వాసన లేకుండా ఉంటుంది. మళ్ళో వెయ్యడానికి పనికొచ్చేది అదే. నిలువునా కోస్తే ఇద్దరికీ పైదీ వస్తుంది, అడుగుదీ వస్తుంది. ఈ సంగతి మా ఊళ్ళో పసులు కాసేవాడికి కూడా తెలుసు. నాకూ తెలుసు. అయినా మా అన్న వాటా పంచే రోజున నేను కుప్పను అడ్డంగా కోశాను.

మా ఊరు సూర్యాపేటకు దక్షిణంగా, మిర్యాలగూడ పోయే బండ్లబాట మీద ఉంది. గడబిడ రోజులు ముదురుతున్న ఏడు, మాఘంలో, అన్న చలిజ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. వదినది కోదాడ పక్క ఊరు. ఆమె మాట మా మాటకు కొంచెం తేడాగా ఉండేది. మేము ఆ మాటను అప్పుడప్పుడు ఎక్కిరించేవాళ్ళం. ఆమె కోపం తెచ్చుకునేది కాదు.

దినాలు అయ్యాక పెద్దమనుషులు మా ఇంటి ముందు కూర్చున్నారు. వాళ్ళలో ముఖ్యుడు మాకు వరుసకు పెదనాయన. చెరువు కింద మాకున్న మంచి మళ్ళు మగదిక్కుగా మిగిలిన నాకు ఇచ్చారు. నా మళ్ళను ఆనుకుని ఒక చౌటి మడి ఉంది. ఎండాకాలం అది ముగ్గు పోసినట్టు తెల్లగా తేలేది. చాకలివాళ్ళు బట్టలుతకడానికి ఆ చౌడు గీరుకుపోయేవాళ్ళు. అది తప్ప ఆ మడి వల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు. దాన్ని వదినకు ఇచ్చారు.

వదిన తలుపు చాటున నిలబడి ఉంది.

"సూడు బిడ్డా," అన్నాడు పెదనాయన. "రెండు వానకాలాలు సూస్తం. గింజ కల్లానికొస్తె ఆ మడి నీది, పట్వారితోని నీ పేరున రాయిస్తం. రాకుంటె నీ మరిది కలుపుకుంటడు. ఊకె పడావు బెడితె దానికి శిస్తు ఎవలు కడ్తరు?"

"కలుపుకుంటే నా సంగతేంది మామా?"

"నీకేం తక్కువ? మరిది ఇంట్ల ఇంత తింటవ్, ఓ మూలకు పంటవ్."

 తరువాత ఆమె అంది: "మూల నాకొద్దు. పెంటకుప్పలో సగం ఇప్పించండి. ఆ మడిని నేను చూసుకుంటాను."

ఒకరిద్దరు నవ్వారు. చౌటికి పెంట ఎందుకు, బూడిదలో పోసినట్టే కదా అన్నారు. కాని అడిగింది న్యాయమే. సగం ఇవ్వమని నాకు చెప్పి లేచిపోయారు.

అప్పుడు వదిన గడప దాటడానికి లేదు. మూడు నెలలు అట్లా ఉండాలి. అందుకని పంపకం చూడటానికి ఆమె తరఫున ఎవరూ లేరు. నేను పార తీసుకుని కుప్ప పైభాగం తవ్వి తవ్వి ఆమె వైపు పోశాను. అడుగు నల్లపెంట తగలగానే ఆపేశాను. నా మళ్ళకు అది కావాలి, చౌట్లో ఏం పోసినా దండగే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట వెనక మరో ఆలోచన కూడా ఉంది. దాన్ని అప్పుడు పైకి తేలనివ్వలేదు. ఆ మడి పండకపోతే అది నాదవుతుంది.

పచ్చిపెంట బొదబొదగా ఉంటుంది కాబట్టి ఆమె కుప్ప చూపుకు నాదాని కన్నా పెద్దగా నిలబడింది. సాయంత్రం పెదనాయన అటు పోతూ ఆగాడు.

"శెభాష్ రా! వదినెకు పెద్ద కుప్ప ఇచ్చినవ్. మీ నాయిన గుణమే వచ్చింది నీకు."

నేను తల వంచుకున్నాను. వినయం అనుకున్నాడు.

మూడు నెలలు దాటి వదిన బయటికి వచ్చిన రోజు నేను కొట్టంలో తాడు పేనుతున్నాను. ఆమె తిన్నగా కుప్ప దగ్గరికి పోయి చెయ్యి మణికట్టు దాకా లోపలికి పెట్టింది. వెంటనే తీసేసింది. పచ్చిపెంట లోపల ఉడుకుతూ ఉంటుంది, చెయ్యి కాలుతుంది. ఆమె చేతిని కొంగుకు తుడుచుకుంది. కుప్పను ఒకసారి, కొట్టం వైపు ఒకసారి చూసింది. 

మర్నాడు ఆమె తన మడి గట్టు పక్కన గుంత తవ్వడం మొదలుపెట్టింది. నిలువెత్తు లోతు తవ్వడానికి పదిహేను రోజులు పట్టింది. అందులో ఒక వరుస పెంట, ఒక వరుస పొయ్యి బూడిద, ఒక వరుస తంగేడాకు వేసి తొక్కేది. ఇంట్లో స్నానాల నీళ్ళు, అంట్ల నీళ్ళు కుండలతో మోసి పోసేది.

నా భార్యకు అది వింతగా తోచింది. ఒక సాయంత్రం కొట్టం ముందు వదిన కుండ నింపుకుంటుంటే అడిగింది. "అక్కా, పెంట మడిల జల్లకుండ గోతిల పాతిపెడ్తున్నవేంది? మొక్కుకున్నవా ఏంది?"

"పచ్చిది చెల్లీ. ఇప్పుడే చల్లితే వేరుపురుగు పట్టుద్ది, కలుపు లేస్తది. ఏడాది మగ్గాలి."

"ఏడాదా? రెండేండ్లే గద ఇచ్చిన్రు!"

"ఒకటి పోయింది. ఇంకోటి ఉందిగా."

నా భార్య నా వైపు చూసింది. ఆమె కూడా రైతు బిడ్డే. పంచిన కుప్పలో అంతా పచ్చిదే ఎట్లా ఉంటుందో ఆమెకు నేను చెప్పాల్సిన పని లేదు. నేను తాడు పేనుతూనే ఉన్నాను.

ఆ వేసవిలో చెరువు అడుగు పడింది. వదిన ఒండ్రుమట్టిని తట్టతో నెత్తిన మోసి చౌటి మడిలో పోసింది. ఒక్కో తట్ట బోర్లించి, చేత్తో పరిచి, మళ్ళీ చెరువులోకి నడిచేది. నా బండి ఖాళీగానే ఉండేది. ఆమె అడగలేదు, నేను ఇస్తాననలేదు.

ఒక్కటే అడిగింది. అప్పట్లో నేను బండి మీద వడ్లు వేసుకుని మిర్యాలగూడ మిల్లుకు పోయేవాణ్ణి. అది నూనె ఇంజనుతో నడిచే చిన్న మిల్లు. దాని వెనక ఊక గుట్టగా పడి ఉండేది. ఎవరికీ అక్కరలేదు. గాలి వస్తే లేచి బజారంతా పడేది. మిల్లువాళ్ళే అప్పుడప్పుడు దానికి నిప్పు పెట్టేవాళ్ళు.

"వచ్చేటప్పుడు బండి ఖాళీయే కదా మరిదీ. కాస్త ఊక వేసుకురా. గుంతలో వరుసలకు బాగుంటది. చౌటి మట్టి గట్టిగా బిగుసుకుపోతది, ఊక కలిస్తే గుల్లబడుద్ది."

సరే అన్నాను. మిల్లు వెనక ఊక గోతాలకెత్తుతుంటే మా పక్క ఊరి బండివాడు ఒకడు చూశాడు.

"ఏందిరో, బియ్యం ఈడ అమ్మి ఊక ఇంటికి కొంటబోతున్నవ్? మీ ఇంటామె గిదే వండుతదా?"

అక్కడున్న నలుగురూ నవ్వారు.

"అరే, ఎడ్ల దిక్కు సూడున్రి, సిగ్గుతోని తల ఎత్తుతలేవు!"

ఆ గోతాలు తెచ్చి వదినకు ఇచ్చాను. ఆమె సంతోషపడింది. అన్న పోయాక ఆమె ముఖంలో అట్లాంటిది నేను చూసింది ఆ ఒక్కసారే. మళ్ళీ మిర్యాలగూడ పోయినప్పుడు అదే బండివాడు అక్కడ ఉన్నాడు. నేను మిల్లు వెనక్కి పోలేదు. ఖాళీ బండితో వచ్చి, "మిల్లోళ్ళు ఇస్తలేరు వదినె, వాళ్ళకే కావాల్నట," అన్నాను. ఆమె ఖాళీ బండిని చూసి, "పోనీలే," అంది. ఆ తరువాత ఎప్పుడూ అడగలేదు.

మొదటి వానాకాలం అట్లా గడిచింది. ఆమె మడిలో ఏమీ వెయ్యలేదు. గుంత మీద మట్టి మెత్తి, పగుళ్ళు వస్తే మళ్ళీ మెత్తుతూ ఉంది. మా ఇంట్లో తినలేదు. ఊళ్ళో నాట్లకు, కోతలకు కూలికి పోయి తన పొయ్యి తాను వెలిగించుకుంది.

రెండో ఏడు కోదాడ నుంచి ఆమె అన్న ఒక చిన్న సంచి పంపాడు. అందులో జీలుగ విత్తనాలు ఉన్నాయి. మా ఊళ్ళో అప్పటికి జీలుగ ఎవరూ వేసి ఎరుగరు. మృగశిర వానలకు ఆమె వాటిని చౌటి మడి అంతా చల్లింది. మేము వేసిన ఏ పైరూ ఒప్పుకోని ఆ నేలలో జీలుగ మొలిచింది. నడుము దాకా పెరిగింది. పచ్చగా ఊగుతుంటే బాటన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. పసుపు పూలు వస్తున్న రోజుల్లో ఆమె మడికి నీళ్ళు పెట్టి, ఆ మొక్కలన్నీ వంచి బురదలోకి తొక్కడం మొదలుపెట్టింది.

ఆ నెలలో ఊరు సగం ఖాళీ. గడబిడ ముదిరి, ఊళ్ళ మీద దాడులు పడతాయన్న భయంతో కొందరు చుట్టాల ఊళ్ళకు పోయారు, కొందరు పగలంతా చేలల్లోనే ఉండేవాళ్ళు. ఆమెకు కూలివాళ్ళు దొరకలేదు. నేను ఒక పూట ఎడ్లను ఇచ్చాను. మిగిలినదంతా ఆమె కాళ్ళతోనే తొక్కింది. నేను గట్టు మీద నిలబడి అడిగాను.

"పూతకొచ్చినదాన్ని తొక్కుతున్నవేంది వదినె? గింజన్న పట్టనియ్యరాదా?"

"ఇది మనం తినేది కాదయ్యా. మట్టికి పెట్టే కూడు."

"మట్టికి కూడు బెడితె నీకు కూడేది?"

"అది తిన్నాక మిగిలితే నాకు పెడద్ది," అని నవ్వింది. మోకాళ్ళ దాకా బురద. కుళ్ళుతున్న ఆకు వాసన మా మళ్ళ దాకా వచ్చింది.

తరువాత గుంత తెరిచింది. పచ్చిపెంట అన్న గుర్తే లేదు. చేతిలోకి తీసుకుంటే తడి కాఫీపొడిలాగా రాలింది. మనుషులు దొరక్క సగమే తీసి మడిలో చల్లి నాటు వేసింది. గట్టు పక్క, ఎరువు బాగా పడిన చోట, వరి నల్లగా లేచింది. మధ్యలో మాత్రం పసుపు తిరిగింది. ఒక మూల ఆకు కొసలు ఎర్రగా మాడాయి. చౌడు అంత తొందరగా పోదు. కోసి కల్లంలో కొడితే విత్తనం పోగా నాలుగు తట్టల వడ్లు మిగిలాయి.

అప్పటికి సర్కారు మారింది. పోయినవాళ్ళు తిరిగి వచ్చారు. పెద్దమనుషులు చావడిలో కూర్చున్నారు. వదిన ఈసారి తలుపు చాటున లేదు. ఎదురుగా నిలబడింది. ఆమె కొంగున మూటగట్టిన మట్టి ఉంది. మూట విప్పి పెదనాయన ముందు పెట్టింది.

"చూడండి మామా. తెలుపు ఉందేమో చూడండి. మట్టి మారింది. ఇంకొక్క ఏడు ఇవ్వండి, పుట్ల లెక్కన పండుద్ది."

పెదనాయన మట్టిని వేళ్ళతో నలిపాడు. "మట్టి మంచిగనే ఉన్నది బిడ్డా. కాని మనం అన్నది మట్టి కాదు గదా, గింజ. నాలుగు తట్టలను పంటంటరా?" తరువాత నా వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్ రా? నీ వదినె. నీ మడి పక్క మడి. ఇంకో ఏడు ఇద్దమంటె ఇద్దం. నువ్వు చెప్పు."

చెప్పవలసింది ఒక్క మాట. మొదటి ఏడు ఆమె పోగొట్టుకున్నది కాదు, నేను తీసుకున్నది. పెంట నేను అడ్డంగా కోశాను. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. పెద్ద కుప్ప ఇచ్చానని రెండేళ్ళుగా మెచ్చుకుంటున్నవాళ్ళు అందరూ అక్కడే ఉన్నారు. వదిన నా వైపు చూడలేదు. కింద ఉన్న మట్టినే చూస్తూ ఉంది.

"మీరెట్లంటె అట్లనే పెదనాయన," అన్నాను.

అంతే. ఆమె మట్టిని మళ్ళీ కొంగులో కట్టుకుంది.

నాలుగు రోజుల తరువాత ఆమె పుట్టింటికి బయలుదేరింది. సూర్యాపేట దాకా నేనే బండి తోలాను. అక్కడ కోదాడ పోయే బస్సు ఎక్కాలి.  బస్సు దగ్గర దిగి మూట చంకన పెట్టుకున్నాక వదిన అంది: "గుంతలో సగం ఎరువు ఇంకా ఉంది. వానలకు ముందే తీసి చల్లు. ఆలస్యం చేస్తే సారం పోద్ది."

చల్లాను. ఆమె చెప్పినట్టే, వానలకు ముందే. అప్పుడు సిగ్గుపడి ఉంటే ఇప్పుడు రాయడానికి కొంచెం తేలికగా ఉండేదేమో. సిగ్గు లేదు, సంతోషమూ లేదు. చెయ్యవలసిన పని, చేశాను. ఆ ఏడు ఆ మడిలో నాటిన వరి నా మంచి మళ్ళకన్నా బాగా పండింది. వెన్ను బరువుకు పైరు గట్టు మీదికి ఒరిగింది. బాటన పోయేవాళ్ళు ఆగి, "చౌటిని సాధించినవ్," అన్నారు.

కొత్త బియ్యం వండిన రోజున మా ఇంట్లో పొయ్యి మీద రెండు కుండలు ఉన్నాయి. ఒకదాంట్లో ఆ మడి బియ్యం, ఇంకోదాంట్లో పాతవి.

"రెండెందుకు?" అన్నాను.

"అది నీకు. ఇది నాకు," అంది నా భార్య.  నాకు వడ్డించి, ఆమె పాత బియ్యం అన్నం తింది. నేను నాది తిన్నాను. అన్నం అన్నంలాగే ఉంది. ఆ మడి బియ్యం అయిపోయేదాకా మా పొయ్యి మీద రెండు కుండలు ఉడికాయి.

చలికాలం చివర ఒక బస్తా బియ్యం తీసుకుని కోదాడ పోయాను. మడి నీ పేరున రాయిస్తాను, రా వదినా, అని చెప్పాలనుకున్నాను. బస్సులో ఆ మాటను రెండు మూడు తీర్లుగా అనుకుని చూసుకున్నాను. ఆమె అన్న ఇంటి వెనక కొట్టంలో ఉంది. అక్కడ కూడా ఒక గుంత తవ్వి ఉంది. పక్కన తట్టలో బూడిద. బస్తా దించాను.

ఆమె బస్తా మూతి విప్పి ఒక పిడికెడు తీసి చూసి మళ్ళీ వేసింది.

"బియ్యం తెచ్చావు, సరే. ఊకేదీ?"

 ఆమె అన్న భార్య గిన్నెలు తోముతూ, "అదేం ఎకసెక్కమమ్మా, మనిషి అంత దూరం నుంచి వస్తే!" అంది.

"మా మరిదితో కాక ఎవరితో ఆడతాను ఎకసెక్కం," అంది వదిన. నాకు మంచినీళ్ళు ఇచ్చి గుంత గట్టున కూర్చుంది. బూడిద తట్ట దగ్గరికి లాక్కుని అంది:

"చెయ్యి పెట్టిన రోజే తెలిసింది. కాలింది కదా."

"అప్పుడే ఎందుకు అడగలేదు వదినె?"

"అడిగితే నువ్వు అడ్డంగా కోశావని ఊరంతా తెలిసేది. ఆ తరువాత చెరువు నీళ్ళు ఎవరి మడి మీదుగా రావాలి నా మడికి? నీ మడి మీదుగానేగా. నీళ్ళు కావాలనుకున్నా, ఊరుకున్నా." చేతిలో బూడిద గుంతలో చల్లింది. "చావడిలో నువ్వే చెప్తావనుకున్నా."

చెప్పడానికి అదే సమయం. అనుకుని వచ్చిన మాట నాలుక మీద ఉంది. అంటే ఆమె ఏమనేదో నాకు తెలియదు. వస్తాననేదో, రాననేదో. నేను అనలేదు. మడి బాగా పండింది అన్నాను. ఎంత పండిందో ఆమె అడగలేదు.

"మళ్ళా జీలుగ వేశావా?"

"ఎయ్యలె. మంచిగైంది గదా అని..."

"ఒక్క ఏడుతో చౌడు చావదయ్యా. వదిలేస్తే రెండేళ్ళలో మళ్ళా తెల్లగా తేలుద్ది. చేసిన చాకిరీ మట్టిలో కలిసిపోద్ది." లోపలికి పోయి ఒక గుడ్డమూట తెచ్చి నా చేతిలో పెట్టింది. జీలుగ గింజలు. "పూత రాగానే తొక్కాలి. ముదిరితే కుళ్ళదు. చూస్తూ కూర్చోకు."

ఆ గింజలు తెచ్చి మృగశిరకు చల్లాను. పూత రాగానే తొక్కాను. ఆ ఏడూ, తరువాతి ఏళ్ళూ ఆ మడి తెల్లబడలేదు. చౌడు ఉన్న రైతులు వచ్చి విత్తనం అడిగి తీసుకుపోయారు. గుంత చూసి పోయారు, తమ ఇళ్ళ దగ్గర తవ్వుకున్నారు. మిర్యాలగూడ మిల్లు వెనక ఊక కోసం బండ్లు నిలబడే రోజులు వచ్చాయి. నన్ను ఎక్కిరించిన బండివాడు కూడా వాటిలో ఉన్నాడు. మా చుట్టుపక్కల దీనంతటినీ నా తెలివి అంటారు. ఎవరి దగ్గర నేర్చుకున్నావని ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు.

కోదాడకు ఆ తరువాత పోలేదు. మాట చెప్పడానికి ఇంకా చాలా ఏళ్ళు ఉన్నాయి అనుకున్నాను. నిజంగానే చాలా ఏళ్ళు ఉన్నాయి. ఒకరోజు ఆమె పోయిందని కబురు వచ్చింది. ఆ రోజు నేను మడికి నీళ్ళు కడుతున్నాను. కబురు తెచ్చినతను పోయాక మిగిలిన సగానికి కూడా నీళ్ళు కట్టి ఇంటికి వచ్చాను. ఆ మడి ఇప్పటికీ నా పేరునే ఉంది.

మా ఇంట్లో పంచుకోవడానికి ఇక ఎవరూ లేరు. అయినా ప్రతి ఏడూ పెంట తోలే రోజున కుప్ప నడినెత్తిన కట్టె గుచ్చి, అక్కడి నుంచి నేల దాకా నిలువునా కోస్తాను. ఒక సగం బండికెత్తుతాను. రెండో సగాన్ని సాయంత్రం దాకా ఉంచి, తరువాత దాన్నీ ఆ మడికే తోలుతాను.